గాలిమోటారు జ్ఞాపకాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మీరు ఎక్కిన మొదటి పెద్ద విమానం గురించి రాయండని రెండు నెలల కిందట ఈ శీర్షికలో అడిగాను. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల కట్ట ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దేవరకొండ పక్క పల్లెలో పుట్టి, ఐటీఐ పూర్తి చేసి, బొంబాయిలో ముప్పై ఏళ్లకు పైగా విమానాల మరమ్మతు పనిలో గడిపి వచ్చినవాణ్ణి కనుక, ఎవరు ఏ విమానం గురించి రాస్తున్నారో చాలా ఉత్తరాల్లో రెండో వాక్యానికే తెలిసిపోయింది.

జవాబులకు ముందు ఒక మాట చెప్పాలి. విమానంలోని వైభవం గురించి రాసినవారు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మిగిలినవారందరూ ఎవరిని విడిచి బయలుదేరారో, జేబులో ఎంత డబ్బు ఉందో, బస్టాండులో ఎవరు ఏడ్చారో రాసి, ఆ పక్కనే ఒక చప్పుడునో, ఒక తలుపునో, ఒక వాసననో గుర్తు చేసుకొని, "ఇది నా భ్రమ కావచ్చు" అని చేర్చారు. ఆ గుర్తులను నాకు తెలిసిన యంత్రాలతో ఒక్కొక్కటిగా సరిచూశాను. ఇక్కడ జవాబిస్తున్న ఉత్తరాల్లో ఒక్కటి కూడా భ్రమ కాదు. మొదటిసారి ఇల్లు విడిచిన మనిషి కళ్లు, చెవులు ఎంత జాగ్రత్తగా పనిచేస్తాయో ఈ ఉత్తరాలు చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

రెండు నడవలు, ఆ నడవల మధ్య మరో కుర్చీల వరుస ఉండే వెడల్పాటి విమానాల వరకే ఈసారి తీసుకుంటున్నాను. మా ఊళ్లో పెద్దవాళ్లు చిన్నదైనా పెద్దదైనా అన్నింటినీ గాలిమోటారు అనే పిలిచేవారు.

ప్రశ్న: 1983లో, ఇరవై రెండేళ్ల వయసులో, నేను బొంబాయి నుంచి మస్కట్ వెళ్లాను. ఊరి నుంచి బస్సులో బొంబాయి చేరి, ఏజెంటు చూపించిన గదిలో పదకొండు రోజులు ఎదురుచూసి, పన్నెండో రోజు విమానం ఎక్కాను. దాని తోకలో కూడా ఒక ఇంజను ఉంది. భోజనాల వేళ ఒక ఎయిర్ హోస్టెస్ గోడలో ఉన్న సన్నటి తలుపు తెరుచుకొని లోపలికి వెళ్లింది, ఎంతసేపటికీ బయటికి రాలేదు. కొంతసేపటికి అదే తలుపులోంచి భోజనాల బండి వచ్చింది. ఈ సంగతి చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అది ఏ విమానం? ఆ తలుపు వెనుక ఏముంది? (మక్తల్ పాఠకుడు)

జవాబు: మీ ఇంట్లోవాళ్లకు ఈ పేజీ చూపించండి. మీరు ఎక్కినది దాదాపు కచ్చితంగా లాక్‌హీడ్ సంస్థ తయారు చేసిన ఎల్-1011 ట్రైస్టార్. అప్పట్లో బొంబాయి నుంచి గల్ఫ్‌కు ఆ విమానాలు నడిపిన సంస్థల్లో గల్ఫ్ ఎయిర్ ముఖ్యమైనది. అది 1976 నుంచే ట్రైస్టార్లను వాడింది. మీరు చూసిన తలుపు వెనుక ఉన్నది లిఫ్టు. ఒక మనిషో ఒక బండో పట్టేంత ఇరుకైన లిఫ్టు అది. చాలా ట్రైస్టార్లలో వంటగదిని ప్రయాణికుల కాళ్ల కింద, సామాన్లు పెట్టే అంతస్తులో ఒక భాగంగా కట్టారు. భోజనాలు వేడి చేసే పొయ్యిలు, చల్లటి అరలు అన్నీ అక్కడే ఉండేవి. దిగిన మనిషి అక్కడే ఉండి భోజనాలు వేడి చేసి, బండ్లను ఒక్కొక్కటిగా పైకి పంపుతూ ఉండేది. పైనున్న స్థలమంతా కుర్చీలకు మిగలాలన్నది తయారీదారుల ఆలోచన. ఆ కింది గదికి కిటికీ లేదు. నేలమాళిగలో పొయ్యి దగ్గర నిలబడినట్టు ఉండేది, ఎప్పుడూ కాఫీ వాసన వచ్చేది. ఒక రాత్రి మరమ్మతు కోసం ఆ లిఫ్టులో దిగినప్పుడు, ఎదురుగా గోడకు ఎవరో అంటించుకున్న చిన్న అద్దం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

తోకలో ఇంజను ఉన్న పెద్ద విమానాలు ఆ రోజుల్లో రెండు రకాలు ఉండేవి. రెండో రకం మెక్‌డొనెల్ డగ్లస్ వారి డీసీ-10. దానిలో మూడో ఇంజను తోక మధ్యలో తిన్నగా గొట్టం దూర్చినట్టు, వెనుక నుంచి చూస్తే నిలువు తోకకు బొడ్డులా కనిపించేది. ట్రైస్టార్‌లో మాత్రం గాలి లోపలికి పోయే నోరు తోక మొదట్లో పైన ఉండి, ఇంజను విమానపు వెనుక కొసలో కింద ఉండేది. ఆ రెండింటినీ పాములా వంపు తిరిగిన సొరంగం కలిపేది.

మీ ఉత్తరం చివర, దిగేటప్పుడు కుదుపు తెలియలేదని, రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగినట్టు దిగిందని రాశారు. దానికీ కారణం ఉంది. మిగతా విమానాలు రన్‌వే మీదికి వచ్చేటప్పుడు ఎత్తు సరిచేసుకోవడానికి ముక్కును కాస్త పైకీ కాస్త కిందికీ ఊపుతాయి. ట్రైస్టార్ రెక్కల పైనున్న పలకలు కొద్దికొద్దిగా లేస్తూ వాలుతూ రెక్కలు ఎత్తే బలాన్నే నేరుగా పెంచి తగ్గించేవి కనుక, ముక్కు కదలకుండానే విమానం ఎత్తు మార్చుకునేది. ఇంత మంచి యంత్రం తయారీ 250 విమానాల దగ్గరే ఆగిపోయింది. దానికి ఇంజన్లు చేస్తున్న రోల్స్ రాయిస్ సంస్థ 1971 ఫిబ్రవరిలో దివాలా తీయడం వల్ల ట్రైస్టార్ ఆలస్యమైంది, ఈలోగా డీసీ-10 ముందుకు వెళ్లిపోయింది. నా చేతుల మీదుగా వెళ్లిన విమానాలన్నింటిలో అందంగా ఆలోచించి కట్టిన విమానం ఏదని అడిగితే నేను ట్రైస్టార్ పేరే చెబుతాను.

ప్రశ్న: మా అమ్మ 1981లో నన్ను ఎత్తుకొని లండన్‌లో ఉన్న నాన్న దగ్గరికి జంబో జెట్‌లో వెళ్లింది. కిటికీల చుట్టూ మహలు గవాక్షాల్లా ఎర్రటి తోరణాలు ఉండేవని, లోపల గుండ్రంగా తిరిగే మెట్లు ఉండేవని, విమానం పేరు శ్రీకృష్ణదేవరాయలని ఇప్పటికీ చెబుతుంది. విమానానికి కృష్ణదేవరాయల పేరేమిటని మా పిల్లలు వాదిస్తారు. (మిర్యాలగూడ పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ అమ్మగారు చెప్పిన మూడు మాటలూ నిజమే. ఎయిర్ ఇండియా మొదటి బోయింగ్ 747 విమానం 1971 ఏప్రిల్ 18న బొంబాయి చేరింది. దానికి అశోక చక్రవర్తి పేరు పెట్టారు. ఆ తరువాత వచ్చినవాటికి షాజహాన్, రాజేంద్ర చోళుడు, విక్రమాదిత్యుడు, అక్బరు, చంద్రగుప్తుడు, కనిష్కుడు, సముద్రగుప్తుడు, మహేంద్రవర్మ, హర్షవర్ధనుడు, ఇలా వరుసగా చక్రవర్తుల పేర్లే పెట్టారు. ఆ వరుసలో కృష్ణదేవరాయలు కూడా ఉన్నాడు. ఆ విమానం 1981 నాటికి ఎగురుతూనే ఉంది. తెలుగు నేలతో ఇంత బంధం ఉన్న పేరు మీద మీ అమ్మగారి కన్ను నిలిచిందంటే ఆశ్చర్యం లేదు. పరదేశం వెళ్తూ, చంటిబిడ్డను చంకన వేసుకొని, తెలిసిన పేరు కోసం వెతికే కన్ను అది.

ఆ ఎర్రటి తోరణాల గురించి కాస్త చెప్పాలి. ప్రతి కిటికీ చుట్టూ రాజస్థానీ ఝరోకా ఆకారంలో ఒక ఎర్రటి గీత ఉండేది. స్టాండు మీద నిలబడి చేతికందేంత దగ్గరగా చూస్తే అది వేలెడు వెడల్పున్న రంగు గీత మాత్రమే, దాని అంచున గాలి ఒత్తిడికీ వానకూ రంగు అక్కడక్కడా పెచ్చులు లేచి ఉండేది. కిందికి దిగి వంద అడుగులు నడిచి వెనక్కి తిరిగితే, ఆ గీతలన్నీ కలిసి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక మహలు గోడ అయ్యేది. నేను పనిలో చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకొని ఆ దూరంలో కూర్చునే తినేవాణ్ణి.

గుండ్రటి మెట్లు మొదటి తరగతి నుంచి పై అంతస్తుకు వెళ్లేవి. తొలి 747-100, 747-200 రకాల్లో అవి ఉండేవి; తరువాత వచ్చిన 747-300లో పై అంతస్తును పొడిగించి తిన్నటి మెట్లు పెట్టారు. పై అంతస్తు అసలు ఎందుకు వచ్చిందో చాలామందికి తెలియదు. పాన్ ఆమ్ సంస్థ అధిపతి హువాన్ ట్రిప్ అడిగిన మీదట, జో సటర్ నాయకత్వంలోని బోయింగ్ ఇంజనీర్లు ఈ విమానాన్ని రూపొందిస్తున్న కాలంలో, ధ్వని కంటే వేగంగా పోయే విమానాలు త్వరలో వస్తాయని, ప్రయాణికులందరూ వాటిలోకి మారిపోతారని, అప్పుడు జంబోలు సరుకులు మోయాల్సి వస్తుందని అందరూ అనుకున్నారు. సరుకు ముక్కు వైపు నుంచి తిన్నగా లోపలికి వెళ్లాలంటే పైలట్లు దారికి అడ్డం ఉండకూడదు. అందుకని వారి గదిని పైకి ఎత్తారు. ఆ గది వెనుక గాలి ఒరిపిడి తగ్గించడానికి మూపురంలా వాలు ఇస్తే, కొంత చోటు మిగిలింది. అలా మిగిలిన చోటే ప్రపంచమంతా చెప్పుకొన్న పై అంతస్తు అయింది.

ఈ పేర్ల వరుసలో కనిష్కుడి పేరు రాసేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. 1985 జూన్ 23న ఆ విమానం ఐర్లండ్ తీరానికి దగ్గరలో, సముద్రం మీద, బాంబు పేలుడుకు బలై 329 మంది చనిపోయారు. ఆ తోకను, ఆ చక్రాలను చేతులతో తుడిచినవాళ్లం హ్యాంగర్లో చాలామందిమి ఉన్నాం. ఆ రోజు ఎవరూ అన్నం తినలేదు.

ప్రశ్న: పాత పెద్ద విమానాలకు నాలుగు, మూడు ఇంజన్లు ఉండేవి. ఇప్పుడు అంతకంటే దూరం వెళ్లే విమానాలకు రెండే ఉంటున్నాయి. భద్రత తగ్గినట్టు కాదా? (వనపర్తి ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: తగ్గలేదు. పూర్వం రెండు ఇంజన్ల విమానం ఏదైనా, ఒక ఇంజను ఆగిపోతే మిగిలిన ఇంజనుతో 60 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయానికి చేరగలిగే దారిలోనే వెళ్లాలని అమెరికాలో నియమం ఉండేది. మహాసముద్రాల మీద అది కుదరదు కనుక దూరప్రయాణాలకు నాలుగు ఇంజన్ల జంబో, మూడు ఇంజన్ల డీసీ-10, ట్రైస్టార్ తప్పనిసరి అయ్యాయి. ఇంజన్లు నమ్మదగినవిగా మారేకొద్దీ ఆ గడువు పెరిగింది: 1985లో 120 నిమిషాలు, 1988లో 180 నిమిషాలు. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ350 లాంటి విమానానికి 370 నిమిషాల వరకు అనుమతి ఉంది. బలం సంగతి కూడా చూడండి. తొలి జంబోకు పెట్టిన ప్రాట్ అండ్ విట్నీ జేటీ9డీ ఇంజను తోపు, అంటే విమానాన్ని ముందుకు తోసే బలం, సుమారు 43,500 పౌండ్లు. బోయింగ్ 777కు వచ్చిన జీఈ90లో పెద్ద రకం తోపు 1,15,000 పౌండ్లు. ఒక్కటే రెండున్నర పాత ఇంజన్ల పని చేస్తుంది.

మీరు ఇంజనీరింగ్ విద్యార్థి కనుక ఒక సంగతి అదనంగా చెబుతాను. జంబోకు ఐదో ఇంజనును కూడా తగిలించే వీలు ఉండేది. దూరదేశంలో ఎక్కడైనా మరో విమానం ఇంజను పాడైతే, ఎడమ రెక్క కింద, విమానానికీ లోపలి ఇంజనుకూ మధ్య, పనిచేయని అదనపు ఇంజనును వేలాడదీసి తీసుకువెళ్లేవారు. దాన్ని బిగించిన రాత్రి కొలతలు మూడుసార్లు చూసుకొనేవాళ్లం. తెల్లవారి ప్రయాణికులు ఎక్కుతూ కిటికీలోంచి అటువైపు చూసి, ఇంజన్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం చాలాసార్లు చూశాను.

ప్రశ్న: 1986లో నేను ఎక్కిన విమానంలో పాటలు వినడానికి ఇచ్చిన వస్తువుకు తీగ లేదు, సన్నటి గొట్టం ఉంది. డాక్టరు చెవులకు పెట్టుకొనేదానిలా ఉండేది. గుర్తు తప్పు పడ్డానా? (నాగర్‌కర్నూల్ పాఠకుడు)

జవాబు: మీ గుర్తు సరైనదే. కుర్చీ చేతిలోనే చిన్న స్పీకరు ఉండి, ఆ చప్పుడు రెండు రంధ్రాల్లోంచి గాలిగొట్టం గుండా చెవికి చేరేది. స్టెతస్కోపు పనిచేసే తీరు కూడా అదే. గొట్టాన్ని వేళ్లతో మడిచి పట్టుకుంటే పాట ఆగిపోయేది. పిల్లలందరూ ఆ ఆట ఆడేవారు. దానిలో కరెంటు భాగమేదీ లేదు కనుక చవక, పైగా ఇంటికి తీసుకుపోయినా దేనికీ పనికిరాదు. సిగరెట్ బూడిద డబ్బా గురించి కూడా అడిగారు. అది కుర్చీ చేతిలో ఉండేది, పొగ తాగేవారికి వెనుక వరుసలు కేటాయించేవారు. ఇప్పుడు పొగ పూర్తిగా నిషేధమే అయినా టాయిలెట్ తలుపు దగ్గర బూడిద డబ్బా తప్పనిసరి. నియమం తప్పి ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే, దాన్ని కాగితాల బుట్టలో పడేసి నిప్పు పుట్టించకుండా ఆర్పడానికి ఒక చోటు ఉండాలని ఆ ఏర్పాటు.

ప్రశ్న: నేను వ్యాపారం పని మీద 1980లలో బేగంపేట నుంచి మద్రాసుకు ఎయిర్‌బస్‌లో తరచూ వెళ్లేవాణ్ణి. పైకి లేచేటప్పుడు ముందు కుర్చీల్లో కూర్చుంటే మా సూర్యాపేట కట్టెకోత మిషను చప్పుడు వచ్చేది. వెనుక కూర్చున్నప్పుడు ఆ చప్పుడు లేదు. ఎందుకు? తిరుపతి దగ్గర పొలంలో దిగిన విమానం కూడా ఆ రకమేనా? (సూర్యాపేట పాఠకుడు)

జవాబు: అయ్యా, మీ పోలిక చదివి చాలా సంతోషించాను. ఇంజనీర్లు కూడా ఆ చప్పుడును కోత రంపం పేరుతోనే పిలుస్తారు. ఇంజను ముందుభాగంలో తిరిగే పెద్ద ఫ్యాను పూర్తి బలంతో తిరిగేటప్పుడు దాని రేకుల కొసలు ధ్వని వేగాన్ని దాటుతాయి. అప్పుడు ప్రతి రేకు ముందు చిన్న అదురు అల పుడుతుంది. రేకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనిపించినా వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి కనుక ఆ అలలు సమానంగా ఉండవు. అందుకే నున్నటి ఈలకు బదులు గరగరమనే రంపపు చప్పుడు వస్తుంది. ఆ అలలు ఇంజను నోటి నుంచి ముందువైపుకు పోతాయి. కనుక రెక్కకు ముందు కూర్చున్నవారికి బాగా వినబడుతుంది, వెనుక కూర్చున్నవారికి వినబడదు. ఎవరూ చెప్పకుండానే రెండు చోట్లా కూర్చొని తేడా పట్టుకున్నారు మీరు.

మీరు ఎక్కినది ఎయిర్‌బస్ ఏ300. రెండు నడవలు ఉండి రెండే ఇంజన్లతో ఎగిరిన మొదటి ప్రయాణికుల విమానం అదే. 1972 అక్టోబరు 28న మొదటిసారి ఎగిరింది, 1974లో ప్రయాణికుల సేవలోకి వచ్చింది. మన దేశంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లో దాన్ని తెచ్చింది. ఆ రోజుల్లో 'ఎయిర్‌బస్‌లో వచ్చాను' అంటే సంస్థ పేరు కాదు, ఈ ఒక్క విమానమే అని అందరికీ అర్థమయ్యేది. ఎయిర్ ఇండియా కూడా 1982 నుంచి ఏ300లను వాడి, వాటికి గంగ, గోదావరి, కావేరి అని నదుల పేర్లు పెట్టింది. తరువాత వచ్చిన కాస్త చిన్న రకం ఏ310ల్లో ఒకటి కృష్ణ. మక్తల్ దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, మన రెండు పాత జిల్లాల అంచులను ఒరుసుకొని పోయే నది పేరు ఒక విమానం మీద చూసినప్పుడు, నేను దానికి రోగికి సెలైన్ బాటిల్ ఎక్కించినంత శ్రద్ధగా నూనె పోసేవాణ్ణని తోటివాళ్లు అనేవారు.

పొలంలో దిగినది కూడా ఏ300 విమానమే. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చిన ఆ విమానం, ఇక్కడ రన్‌వే సరిగా కనిపించక దిగకుండా మళ్లీ పైకి లేచింది. ఆ సమయంలో దిగేందుకు చాచిన రెక్కల వెనుక పలకలు తిరిగి లోపలికి ముడుచుకోలేదు. చాచిన పలకలతో ఎగిరితే గాలి అడ్డు పెరిగి ఇంధనం చాలా ఎక్కువ ఖర్చవుతుంది. మద్రాసుకు తిరిగి వెళ్తుండగా ఇంధనం అక్కడిదాకా సరిపోదని తేలింది. చివరకు తిరుపతి దగ్గర వరిపొలంలో దించారు. లోపల ఉన్న 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. విమానం మళ్లీ ఎగరలేదు. మీ బేగంపేట ప్రయాణాల కాలం 2008 మార్చి 23న ముగిసింది. ఆ రోజు నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారాయి.

ప్రశ్న: నా మనవడికి జంబో జెట్ చూపించాలని ఉంది. ఇంకా ఎక్కడైనా ఎగురుతున్నాయా? (కల్వకుర్తి పాఠకుడు)

జవాబు: ఎగురుతున్నాయి, కానీ ఆలస్యం చేయకండి. 1574వది, చివరిది అయిన 747ను బోయింగ్ సంస్థ 2023 జనవరి 31న అప్పగించింది. ఎయిర్ ఇండియా జంబోల్లో ఒకటి 2024 ఏప్రిల్‌లో ముంబయి నుంచి లేచి, రెక్కలు ఒకసారి అటూ ఇటూ ఊపి వెళ్లిపోయింది. ఆ దృశ్యాన్ని ఫోనులో చూస్తూ నేను లేచి నిలబడ్డాను. ప్రయాణికులతో జంబోలు నడుపుతున్న కొద్ది సంస్థల్లో జర్మనీకి చెందిన లుఫ్తాన్సా ఒకటి. టికెట్ కొనేటప్పుడు విమానం రకం దగ్గర 744 అని గానీ 74హెచ్ అని గానీ ఉందేమో చూడండి. చూడడం వరకే అయితే అంత దూరం పోనక్కరలేదు. సరుకులు మోసే జంబోలు శంషాబాద్‌కు వస్తుంటాయి. ముక్కు మొత్తం తలుపులా పైకి లేచి, నిలువెత్తు పెట్టెలు లోపలికి పోయే దృశ్యం దొరికితే, పై అంతస్తు ఎందుకు పుట్టిందో మీ మనవడికి ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మా నాన్న కువైట్‌లో డ్రైవరుగా చేసేవారు. 1990 యుద్ధంలో అమ్మాన్ మీదుగా వచ్చారు. ఆ ప్రయాణం గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. నాలుగేళ్ల కిందట పోయారు. ఆయన పెట్టెలో చిరిగిన బోర్డింగ్ కార్డు తునక దొరికింది. దాని మీద 54 కె అని మాత్రమే చదవగలుగుతున్నాను. ఆయన ఏ విమానంలో వచ్చారో చెప్పగలరా? (దేవరకొండ పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని కట్టలోంచి తీసి వేరుగా పెట్టుకున్నాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అక్కడి మనవాళ్లు ఇరాక్ మీదుగా ఎడారి దారిలో జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు విమానాలు నడిపి వెనక్కి తెచ్చారు. మొత్తం 488 ప్రయాణాల్లో 1,11,000 మందికి పైగా వచ్చారు. ఒక దేశం తన పౌరులను ప్రయాణికుల విమానాల్లో తరలించిన సందర్భాల్లో అంత పెద్దది అప్పటివరకు లేదు.

ఇక మీ దగ్గరున్న తునక. కుర్చీ వరుస సంఖ్య 54 అంటే అది జంబో అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ తరలింపులో వాడిన మిగతా విమానాల్లో కుర్చీ వరుసల సంఖ్యలు అంత దూరం పోవు. జంబోలో వరుసకు పది కుర్చీలు: ఎడమవైపు ఏ, బీ, సీ; మధ్యలో డీ, ఈ, ఎఫ్, జీ; కుడివైపు హెచ్, జె, కె. ఐ అక్షరాన్ని ఒకటి అంకెగా పొరబడతారని వదిలేస్తారు. కనుక 54 కె అంటే రెక్క దాటిన తరువాత, వెనుక భాగంలో, కుడివైపు చివరి కుర్చీ. మీ నాన్నగారికి కిటికీ దొరికింది.

ఆ వారాల్లో నేను బొంబాయిలో రాత్రి పనిలో ఉండేవాణ్ణి. వచ్చిన విమానం గంటల్లో తిరిగి వెళ్లాలి కనుక, చివరి మనిషి దిగీ దిగకముందే మేము ఎక్కేవాళ్లం. జనం దిగేటప్పుడు చప్పుడు ఉండేది కాదు. అంతమంది దిగుతున్నా వినబడేది చెప్పుల రాపిడి, పిల్లల ఏడుపు అంతే. సామాను ఉన్నవాళ్లు తక్కువ. ఒకరోజు వంగిన కుర్చీ సరిచేయడానికి మోకాళ్ల మీద కూర్చుంటే, కింద పట్టాలో ఇరుక్కొని ఎర్రదారంతో కట్టిన రెండు తాళంచెవులు దొరికాయి. ఒకటి ఇంటిది, ఒకటి కారుది. దారానికి ఎడారి దుమ్ము ఇంకా అంటుకొని ఉంది. ఆ తలుపు ఇక తెరవబోమని తెలిసి కూడా అంత దూరం వాటిని పట్టుకొచ్చినవారెవరో నాకు తెలియలేదు. ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకున్నాను.

మీ నాన్నగారి పాత పాస్‌పోర్టు ఉంటే, బొంబాయిలో దిగిన ముద్ర కోసం వెతకండి. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు రెండో వారం లోపల తేదీ కనిపిస్తే, ఆయన వచ్చిన రోజు అదే. ఆ తునకకు ప్లాస్టిక్ పూత వేయించకండి, వేడికి అక్షరాలు పోవచ్చు. ఎండ తగలని చోట మామూలు కాగితం కవరులో పెట్టి, కవరు మీద ఆయన పేరు, ఆ తేదీ పెన్సిలుతో రాసి ఉంచండి. వరుస సంఖ్య పక్కన మసకగా మరేదో అంకె ఉందని రాశారు. పగటి వెలుగులో దాని ఫొటో తీసి పత్రిక చిరునామాకు పంపితే, అది విమానం నంబరేమో చూసి చెబుతాను.